తొరక కట్టిన చాయ్

చాయ్ చల్లారేటప్పుడు మొదట గ్లాసు అంచు వెంట సన్నని గీత ఒకటి ఏర్పడుతుంది. అది మెల్లగా నడిమికి పాకుతుంది, ముడతలు పడుతుంది, చివరికి పైనంతా పల్చటి తోలు పరిచినట్టవుతుంది. ఈ ఉదయం మా సోలార్ సంఘం కార్యాలయంలో నా ముందు పెట్టిన గ్లాసులో అలాగే తొరక కట్టింది. యాలకుల వాసన పోయి వట్టి పాల వాసన మిగిలింది. ఆ వాసనకు నాకు రాహేలక్క గుర్తుకొచ్చింది. నేను కూర్చున్న కుర్చీ ఆమెదే. పోయిన ఎండాకాలం ఆమె చనిపోయాక మా వాడకట్టు వాళ్లు నన్ను అందులో కూర్చోమన్నారు. డైరెక్టరుగా ఇది నా మొదటి మీటింగు.

మా ఊరు బాన్సువాడ నుంచి కోటగిరి పోయే తోవలో ఉంది. కాలువ నీళ్లు పారినంత మేర వరి, చెరుకు. కాలువ ఎక్కలేని మెరక మీద చెల్క భూములు. ఒకప్పుడు ప్రభుత్వం కూలి కుటుంబాలకు పట్టాలిచ్చిన భూములవి. వానపడితే పెసర్లు, లేకపోతే మేకలు. ఆ మెరక మీదనే సోలార్ పలకలు పెడదామని ఊరి పెద్ద రైతు గంగాధర్ పటేల్ ఆలోచన చేశాడు. ఆయనను తక్కువ చేసి చెప్పను. హైదరాబాదు ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతులు తెచ్చింది ఆయనే, సంఘం పెట్టి అధ్యక్షుడైంది ఆయనే. భూమి కిరాయికి అడగడానికి మా వాడకట్టుకు వచ్చినప్పుడు రాహేలక్క ఒక్క మాట అడిగింది. "భూమి మాదైతే బోర్డుల ఒక కుర్చీ గూడ మాది గావాలె పటేలా." ఆ మాట సంఘం నిబంధనల్లో చేరింది. దాన్ని మార్చాలంటే డైరెక్టర్లందరూ ఒప్పుకోవాలి.

రాహేలక్క నాట్ల ముఠాకు మేస్త్రి. ఆమె మంచిదని అందరూ అనేవారు కాదు. నోరు దురుసు. ఆలస్యంగా వచ్చినవాళ్లను వెనక్కి పంపేది. బస్సులో ముందు సీటు తనకే కావాలి. డైరెక్టరు కాగానే, కండ్లలో ఏ దోషం లేకున్నా బాన్సువాడకు పోయి నల్లద్దాలు కొనుక్కుంది. ఎందుకక్కా అంటే, "పెద్దోల్ల నడుమ కూసుంటే మన కండ్లు యాడ చూస్తున్నయో వాల్లకు తెల్వద్దే పిల్లా," అంది.

పనిలో ఆమెకొక పద్ధతి ఉండేది. ముఠా పొద్దున్నే మడి దగ్గరికి చేరుతుంది. ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి ఒడ్డు మీద వరుసగా నిలబడతారు. నారు కట్టలు అప్పటికే బురదలో పడి ఉంటాయి. రైతుతో కైకిలి, అంటే కూలి రేటు, మాట తేలేదాకా ఒక్క పాదం మడిలో పడకూడదు. పడిందంటే రైతు ఎంతంటే అంతకు ఒప్పుకున్నట్టే. ఒకసారి గంగాధర్ పటేల్ మడి దగ్గర మాటలు సాగుతుండగా మా అమ్మ పక్కనున్న లచ్చవ్వ కాలు జారింది. రాహేలక్క వెనక్కి తిరగకుండానే, "లచ్చవ్వా, కాలు తియ్యి. నీ కాలు జూసి పటేల్ నవ్వుతుండు," అంది. లచ్చవ్వ కాలు తీసింది. పటేల్ నిజంగానే నవ్వుతున్నాడు, తర్వాత మానేశాడు.

నాకు ఆ సోలార్ సంఘంలోనే మొదటి ఉద్యోగం, మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టే పని. ఇంటరుతో నా చదువు ఆగింది. ఆ తర్వాత నన్ను చదివించింది బాన్సువాడ గ్రంథాలయం. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. అక్కడి విజ్ఞాన సర్వస్వాన్ని సంపుటం తర్వాత సంపుటం చదివాను. మూడోది ఎవరో తీసుకుపోయి తిరిగివ్వలేదు కనుక ఆ అక్షరాలతో మొదలయ్యే విషయాలు నాకు ఇప్పటికీ తెలియవు. అక్కడే ఒక పత్రికలో అమెరికా ఇంధన కంపెనీల బోర్డుల్లో చోటు అడుగుతున్న హిస్పానిక్‌ల గురించి వ్యాసం చదివాను. సాయంత్రం కోటగిరి ఆటోలో రాహేలక్క పక్కన చోటు దొరికితే అది ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఎవలు గాల్లు?" అంది.

"హిస్పానిక్‌లంటరక్కా. స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చిన కుటుంబాలోల్లు. నూనె బాయిల కాడ, కరెంటు తీగల కాడ, సోలార్ పలకలు బిగించే కాడ, యాడ జూసినా గాల్లే. కని కంపెనీని నడిపే బోర్డుల శానా తక్కువంట. గందుకే కుర్చీలడుగుతున్నరు."

ఆటో కాలువ వంతెన దాటింది.

"అంటే మడిల దిగినంక రేటడుగుతున్నరన్నట్టు," అంది చివరికి. "నారంతా ఏసినంక అడిగితే ఎవడిస్తడే. మనం ఒడ్డు మీదనే అడిగినం." తర్వాత చేతి సంచిలోని నోటీసును తట్టింది. "గా అడిగిందే ఇప్పుడు గుంజుకుంటరంట."

ఆ నోటీసు డైరెక్టర్లందరికీ వచ్చింది. రెండో ప్లాంటుకు అప్పివ్వబోయేవాళ్లు బోర్డులో హైదరాబాదు నిపుణుడు ఒకరు ఉండాలన్నారు. కుర్చీలు పెంచడం పటేల్‌కు ఇష్టం లేదు. అందుకని మా వాడకట్టు కుర్చీని నిపుణుడికిచ్చి, రాహేలక్కను 'సలహాదారు'ను చేయాలన్నది తీర్మానం. ఆమె ఒప్పుకుంటే ఆ కుర్చీ ఇక మాది కాదు. భూమి మాత్రం పలకల కిందనే ఉంటుంది.

మా వైపు చాయ్ తాగితే మాట ఖాయమైనట్టు. బర్రె బేరమైనా, కౌలు మాటైనా అంతే. సంఘంలోనూ అదే నడిచేది. పటేల్ తీర్మానం చదివేవాడు, చాయ్ వచ్చేది, అందరూ తాగి లేచేవారు. చేతులెత్తి లెక్కపెట్టుకోవడం మర్యాద తక్కువ పనిగా భావించేవారు.

ఆ మీటింగు మధ్యాహ్నం పెట్టారు. కిటికీలోంచి పలకల మీది ఎండ గోడకు కొడుతోంది. పటేల్ తీర్మానం చదివి పూర్తిచేశాడు. చాయ్ వచ్చింది. రైతు డైరెక్టర్లు ఊదుకుంటూ తాగారు. ఒక్కొక్కరి ఖాళీ గ్లాసు బల్ల మీదికి చేరింది. రాహేలక్క గ్లాసు కదలలేదు. నల్లద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తీస్కో రాహేలమ్మా," అన్నాడు పటేల్.

"తీస్కుంట పటేలా. గరంగున్నది."

నా కలం కాగితం మీద ఆగిపోయింది. జుక్కల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ విఠల్ సేటు కూడా ఒక డైరెక్టరు. మాటల్లో మరాఠీ కలుస్తుంది. ఆయనకు మౌనం పడదు. "చహా ఘ్యా బాయి," అన్నాడు. "చల్లారిపాయె. తొరక గూడ కట్టె."

"కట్టనీ సేటు. నాకు తొరకంటే ఇష్టం."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పటేల్ కండువా సర్దుకున్నాడు.

"చూడమ్మా, నిన్నెవలన్న పొమ్మన్నరా? సలహాదారువి. ప్రతి మీటింగుకు పిలుస్తం, కుర్చీ ఏస్తం, చాయ్ పోస్తం."

"పోస్తవు పటేలా. కని నేను తాగినా తాగకున్నా అప్పుడు ఫికరుండదు గద నీకు." ఆమె గొంతు పెరగలేదు. "అమెరికల గూడ గిదే లొల్లంట. హిస్పానిక్‌లని ఉన్నరంట. పని కాడ అందరు గాల్లే, బోర్డుల మాత్రం కానరారంట. గా స్వరూప లైబ్రరీల చదివొచ్చి చెప్పింది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆమె నన్నలా పట్టి ఇస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. పటేల్ నా వైపు చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"అమెరిక ముచ్చట నీకెందుకు బిడ్డా? నీ పని రాసుడు."

"రాస్తున్న పటేలా."

"ఏం రాస్తున్నవు?"

నిజానికి నేనేమీ రాయలేదు. అబద్ధం అల్లడానికి నాకు వ్యవధి లేదు. కండ్ల ముందున్నదే నోటికొచ్చింది. "రాహేలమ్మ గారు చాయ్ ముట్టలేదని."

పటేల్ గ్లాసు వైపు చూశాడు. తర్వాత, దాదాపు ప్రేమగా, "నాట్లు దగ్గరికొచ్చినయి. మీ వాడకట్టుకు పనిచ్చేది మేమే. యాదికుంచుకో," అన్నాడు.

"యాదికుంది గనుకనే కాలు వెట్టలే. నేనింక ఒడ్డు మీదనే ఉన్న పటేలా."

ఆయన లేచాడు. తీర్మానం వాయిదా పడింది. మళ్లీ ఎవరూ దాన్ని తేలేదు.

దాని ధర మాత్రం మా వాడకట్టు చెల్లించింది. ఆ ఏడు పటేల్, ఆయన బంధువులు జుక్కల్ వైపు నుంచి ముఠాలను ట్రాక్టర్లలో తెచ్చుకున్నారు. మా ఆడవాళ్లు పొద్దు పొడవకముందే ఆటోలెక్కి రుద్రూర్ దాకా పోవాల్సివచ్చింది. "నీ కుర్చీ కోసం మా కడుపు మీద కొట్టినవు," అని లచ్చవ్వ నడిబజార్లో తిట్టింది. ఆమె తిట్టడం పూర్తయ్యేదాకా రాహేలక్క నిలబడి విని, రేపు ఆటో ఎన్నింటికో చెప్పి పోయింది.

నన్ను నెలాఖరుకు పనిలోంచి తీసేశారు. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఒక సాయంత్రం ఆమే మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

"నీ నౌకరి నేనే పోగొట్టిన," అంది.

"అవునక్కా."

"నన్నడిగితే మల్ల గట్లనే చెప్త. చదివింది లోపల దాసుకుంటే చదువెందుకే?" వెనక్కి తిరుగుతూ, "రేపు నాటుకు రా. చీర పాతది కట్టుకో," అని వెళ్లిపోయింది.

క్షమించమంటుందని ఎదురుచూశాను. ఆమె అనలేదు. ఆ కోపం నాలో కొంచెం ఇప్పటికీ ఉంది. అయినా వెళ్లాను. తర్వాత బాన్సువాడలో జిరాక్సు దుకాణంలో పని దొరికేదాకా ఆమె ముఠాలోనే నాటేశాను. నడుము విరిగిపోతున్న ఒక మధ్యాహ్నం, ఇద్దరం పక్కపక్కన వంగి ఉన్నప్పుడు అడిగాను.

"ఆ రోజు నీకు భయం కాలేదా అక్కా?"

"ఎందుకు కాదే. చేతులు గజగజ వణుకుతున్నయి. గ్లాసు వట్టుకుంటె ఒలికేది. గందుకే ముట్టలే."

తలెత్తి చూశాను. ముఖంలో నవ్వు ఉందో లేదో కనబడలేదు. నల్లద్దాలు పొలంలో కూడా పెట్టుకునేది. అది నిజమా, ఎగతాళా అని తర్వాత అడగాలనుకున్నాను, అడగలేదు. ఆమె నాకిచ్చినవాటిలో నేను రోజూ వాడుకునేది ఆ మాటే. భయం పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఎప్పటికీ మాట్లాడలేమని, వణికే చేతులను ఒళ్లో పెట్టుకుని కూడా కూర్చోవచ్చని.

ఈ ఉదయం పటేల్ చదివిన తీర్మానం చిన్నదే. మెరక భూముల కిరాయి గడువును, భూమి ఉన్నవాళ్లను మళ్లీ అడగనక్కరలేకుండా, సంఘమే పొడిగించుకోవచ్చని. ఆయన ముసలివాడయ్యాడు. చదవడానికి కాగితాన్ని దూరంగా పట్టుకున్నాడు. చాయ్ వచ్చింది, అందరూ తాగారు. నా చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గ్లాసు మీద ముడతలు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

పటేల్ గ్లాసు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"ఏంది స్వరూపా, నీకు గూడ తొరకంటే ఇష్టమా?"

"ఇష్టమే పటేలా," అన్నాను.