అత్త చూపించిన నాందేడ్

నిజాం కాలం నాటి మాట. నాకు పదేళ్లుంటాయి. మాది ఉమ్రి దగ్గర పల్లె. నాందేడ్‌లో ఉండే మా మేనత్త, వచ్చినప్పుడల్లా నాకు ఊరంతా చూపిస్తానని ఆశపెట్టేది. ఒకరోజు నాన్న నన్ను బండి కట్టి తీసుకెళ్లాడు.

ఊరి బయటి గుట్ట నిండా గడ్డి గుడిసెలు. ఊళ్లో ప్లేగు వచ్చిందనీ, జనం ఇళ్లు వదిలి అక్కడ తలదాచుకున్నారనీ అప్పుడు తెలిసింది. వెతుక్కుంటూ వెళ్తే ఒక గుడిసె ముందు అత్త కనిపించింది. నేను పరుగెత్తబోయాను.

"తమ్మీ, ఆడ్నే ఆగుర్రి. బిడ్డను దగ్గరికి రానియ్యకు" అంది.

నాన్న నా రెక్క పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి అత్త అక్కడే నిలబడి, కుడిచెయ్యి చాపి కిందికి చూపించింది. ఎడమచేతిని మాత్రం చంకలో కుండ ఉన్నట్టు ఒంటికి దూరంగా పెట్టుకుంది.

"ఊరు సూస్తనంటివి గద బిడ్డా, గీడికెల్లే సూడు. అగో గోదారి. అగో కిల్లా. గా పెంకులు తీసిన ఇల్లు మనదే. లోపట ఎండ పడాలెనని తీసిర్రు."

కప్పుల్లేని ఇళ్లు అలా ఎన్నో. వంటవేళైనా ఎక్కడా పొగ లేదు. నేను ఏడుపు మరిచి చూస్తూనే ఉన్నాను.

తిరుగుదారిలో నాన్న చెప్పాడు.

"అక్క చంకల ప్లేగు గడ్డ లేసింది."

అత్తను మళ్లీ చూడలేదు. తర్వాత నేను కాపురానికొచ్చింది నాందేడ్‌కే. ఇక్కడ తిరగని గల్లీ లేదు. అయినా ఈ ఊరంటే నాకు ఇప్పటికీ ఆ కుడిచెయ్యి చూపినంత మేరే.