మూల మడిచే ఓనర్

మా ఊరి కేబుల్ చానల్ ఓనర్‌ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రం నేను చదవబోయే వార్తల కాగితాలు ముందు ఆయన చేతిలోకి వెళ్లేవి. నచ్చని వార్త ఉంటే కాగితం మూల మడిచి, "ఇది మనకెందుకప్పా?" అనేవాడు. మూల మడిచిన కాగితాన్ని నేను చదవకూడదు.

పెన్న ఇసుకలో తవ్విన చెలమలు కూడా ఎండిన వేసవిలో, తాగునీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. నీళ్ల ట్యాంకర్ల కాంట్రాక్టేమో మా ఓనర్ బావమరిదిది. ఆ వార్త ఉన్న కాగితం మూలా మడిచాడు. బదులుగా నగల కొట్టు ప్రారంభోత్సవం గురించి నవ్వుతూ చదివాను. మరునాడు ఆ ఆడవాళ్లలో ఒకామె, "అంతసేపు ఎండలో కూచుంటిమి, టీవీలో మేం యాడుండామప్పా?" అని నిలదీసింది.

పోయినేడు ఆయన చానల్‌ను హైదరాబాద్ కంపెనీకి అమ్మేశాడు. ఇక ఊరి వార్తలుండవు, మాకు పనీ ఉండదు. చివరిరోజు, ఊరికి తాను చేసిన సేవ గురించి రాయించుకొచ్చి చదవమన్నాడు. నేను ఆ కాగితం మూల మడిచి తిరిగిచ్చేశాను.

"ఇది మనకెందుకన్నా?"

అది తన మాటేనని కూడా ఆయనకు తట్టలేదు.

"అట్లంటావేమప్పా! ఇది మన ఊరి చానల్ గదా!" అన్నాడు.