తొడ మీద నీలిగీత

మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరింది ఉదయం పదకొండు పదికి. చలి మైనస్ పద్నాలుగు డిగ్రీలు. వీపున ఇరవై రెండు కిలోల సామాను. బంకర్లో ముగ్గురం: నేను, చేవెళ్ల వంటాయన, మందులపెట్టె చూసే నర్సింగ్ అసిస్టెంట్.

"మొయినాబాదా అన్న? ఇద్దరం ఒకే బస్సోళ్లం!" అన్నాడు వంటాయన. "మీ దిక్కు భూములన్నీ సాఫ్ట్‌వేరోళ్లు కొంటున్నరట గద?"

"నేను అమ్మలే."

"అమ్మితే ఈ చలిల ఎందుకుంటవ్, ఫామ్‌హౌస్‌ల పండేటోనివి."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండింటికి, కిరోసిన్ క్యాన్ మోస్తూ జారాను. దాని అంచు ఎడమ తొడకు బలంగా తగిలింది. చర్మం తెగలేదు. నాలుగింటికల్లా తొడ ఉబ్బి నల్లబడింది.

వంటాయన నూనె వేడి చేశాడు. మా ఊళ్లలో దెబ్బకు వేడినూనె మాలిష్, ఇటుక కాపడం.

"చెయ్యి తియ్!" నర్సింగ్ అసిస్టెంట్ హిందీలో అరిచాడు. "లోపల నాళాలు చిట్లాయి. రక్తం కండలో చేరుతోంది. రుద్దితే ఇంకా కారుతుంది."

"మరి గిట్లనే సూస్కుంట కూసోవాలా?"

"అదే డ్యూటీ."

మంచును గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు అద్దాడు. కాలు ఎత్తులో పెట్టాడు. నలుపు అంచు చుట్టూ నీలి పెన్నుతో గీత గీసి, టైము రాశాడు. అదే టైము నా డైరీలోనూ ఎక్కింది.

రేడియోలో కింది క్యాంపు డాక్టరు: "కాలి వేళ్లు కదులుతున్నాయా? ఓవర్."

నర్సింగ్ అసిస్టెంట్ బదులిచ్చాడు: "కదులుతున్నాయి. తిమ్మిరి లేదు. ఓవర్."

"తొడ రాయిలా బిగుసుకుంటే కాలు పోవచ్చు. మంచు ఆగేదాకా హెలికాప్టర్ రాదు. గీత చూస్తూ ఉండండి."

ఆరింటికి నలుపు గీతను అర అంగుళం దాటింది. రెండో గీత గీశాడు. మరునాడు ఉదయం ఆరింటికి ముగ్గురం వంగి చూశాం. దాటలేదు.

"దుష్మన్ బార్డర్ మీదనే ఆగిండు!" వంటాయన చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాడు.

దెబ్బ తగిలిన ఐదో రోజు మోకాలు నీలమైంది. నేను భయపడ్డాను. నర్సింగ్ అసిస్టెంట్ నవ్వాడు. "రక్తం కూడా నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. ఒంట్లోనే ఇంకిపోతుంది." తరువాత ఆకుపచ్చ, ఆపైన పసుపు.

నాలుగు నెలలకు సెలవు మీద మెహిదీపట్నం బస్సు దిగి ఇంటికి వెళ్లాను. నా ఉత్తరం చదివించుకున్న అవ్వ ఇటుక కాల్చి సిద్ధంగా ఉంచింది.

"ఎప్పుడో తగ్గింది అవ్వ."

"తగ్గితే ఏమాయె? ఇటు పెట్టు కాలు."

పెట్టాను. ఇక నష్టం లేదు.

ఆ నలుపు, ఆ గీతలు ఇప్పుడు డైరీలోనే ఉన్నాయి. కళ్లముందు నుంచి పోనిది ఒక్కటే. ఆ సాయంత్రం బంకర్లో స్టవ్ మీద చల్లారుతున్న నూనెగిన్నె. నా తొడ వైపే చూస్తూ వంటాయన. రుద్దకుండా ఉండటానికి, తన రెండు చేతుల మీదా తానే కూర్చుని ఉన్నాడు.