అగ్నికొండ వాలు మీద గీతలు

నేను కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఉండేది మిర్యాలగూడలో. పొద్దున్నే బస్సెక్కి, మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన దాటుకుని హుజూర్‌నగర్ మీదుగా వెళతాను, సాయంత్రం అదే దారిన తిరిగొస్తాను. సముద్రానికి ఇంత దూరంలో బతికేదాన్ని, సముద్రం అడుగున జరిగిన ఒక సంగతికి అనుమానితురాలినవుతానని ఎన్నడూ అనుకోలేదు.

అనుమానించింది నా స్నేహితురాలే. ఆమెది సూర్యాపేట. డిగ్రీ అక్కడ కలిసి చదువుకున్నాం. నేను హాస్టల్లో ఉండేదాన్ని కాబట్టి ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళు చర్చి నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చుని, తర్వాత అందరితో కలిసి అన్నం తినేదాన్ని. వాళ్ళమ్మ సర్కారు దవాఖానలో నర్సు. ఇప్పుడు రిటైరయ్యారు. చదువయ్యాక నేను యంత్రాల వైపు వచ్చాను, నా స్నేహితురాలు సముద్రంలో బతికే జీవుల మీద పరిశోధన వైపు వెళ్ళింది.

ఆమె పని చేసే చోటు అండమాన్‌కు తూర్పున ఉన్న ఒక దీవి. అక్కడ మనుషులుండరు. నడుమ అగ్నిపర్వతం ఒకటి ఇప్పటికీ పొగ వదులుతూ ఉంటుంది. పైకి కనిపించేది ఆ కొండ కొస మాత్రమేనట, మిగతాదంతా నీళ్ళ కిందే. వెలుతురు ఏ మాత్రం చేరని ఆ వాలు మీదికి ఒకసారి కెమెరా దింపితే, గాజు స్పాంజీలు గుంపులు గుంపులుగా కనిపించాయి. అవి మొక్కల్లా కనిపిస్తాయి గానీ జంతువులు. గాజు దారంతో అల్లినట్టుంటుంది వాటి ఒళ్ళు. ఒక మూర ఎదగడానికి కొన్ని తరాలు పడుతుందని చెప్పేది. వాటి మధ్య పగడాలు, ఆ పగడాల్లో రొయ్యలు, చేపపిల్లలు. ఆమె దాన్ని "తోట" అనేది. సముద్రం అడుగును ఊడ్చే పెద్ద వలలు గానీ, లోహాల కోసం నేలను గీకే యంత్రాలు గానీ ఒక్కసారి దాని మీదుగా పోతే ఇక మనం బతికుండగా అది మళ్ళీ మొలవదు. ఆ వాలు జోలికి ఎవరూ పోకుండా రక్షణ ఇవ్వాలని ఆమె ప్రభుత్వానికి ప్రతిపాదన పెట్టింది. అది తేలేదాకా తోట సరిగ్గా ఎక్కడుందో ప్రతిపాదనలో కూడా రాయలేదు, బయటికి పొక్కనివ్వలేదు.

అక్కడ వదిలిపెట్టి రావడానికి ఒక వినే యంత్రం కావాలని నన్ను అడిగింది. అడుగున నెలల తరబడి కూర్చుని కొండ ఉరుములు, తిమింగలాల కూతలు, దగ్గరికొచ్చే పడవల ఇంజిన్లు, అన్నీ రికార్డు చేసుకోవాలి. పైనుంచి సంకేతం పంపితే బరువు వదిలేసి తనే పైకి తేలాలి. కాలేజీ ల్యాబులో దాన్ని తయారు చేశాను. లోతు ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో ఆమె సంస్థ వాళ్ళు తమ దగ్గర పరీక్షించుకుంటామన్నారు. నీళ్ళలో మునిగి, విని, తేలుతుందో లేదో చూడడం మాత్రం నా వంతు.

హుజూర్‌నగర్ దారిలో పాడుబడిన సున్నపురాయి క్వారీ గుంత ఒకటుంది. నిండా నీళ్ళు, మంచి లోతు. నేనూ మా ల్యాబు అసిస్టెంటూ అక్కడికి తీసుకెళ్ళి దింపాం. సంకేతం పంపగానే, యంత్రాన్ని తేల్చే పసుపుపచ్చ బంతి బుడుంగుమని పైకి తేలింది. మేం చప్పట్లు కొట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున ఊరు సగం నిలబడి ఉంది. కృష్ణ ఒడ్డున ఒకప్పుడు యురేనియం కోసం బోర్లేసిన సంగతి ఈ పక్క ఎవరూ మరిచిపోలేదు. సామాన్లతో ఎవరు దిగినా మొదట వచ్చే అనుమానం అదే. ఒక పెద్దాయన ముందుకొచ్చి నీళ్ళలో ఏం వెతుకుతున్నారని అడిగాడు. ఇది సముద్రం కోసమని చెప్పాను.

"సముద్రం కోసమైతే సముద్రం కాడికి పోవాలె గద మేడం. గీడికెందుకు వచ్చిన్రు?" అన్నాడు.

నమ్మకం కుదురుతుందని, అప్పుడే రికార్డయిన చప్పుళ్ళు వినిపించాను. బోరు మోటారు, నీళ్ళలో దిగిన బర్రెల కాళ్ళ చప్పుడు, వాటిని కడుగుతున్న ఇద్దరి మాటలు మసకమసకగా. దాంతో పని ఇంకా చెడింది. మా మాటలు వినడానికి పెట్టారన్నమాట అనుకున్నారు. మళ్ళీ వారం వెళితే గుంత దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. ఆ సంగతి ఫోన్‌లో చెబితే నా స్నేహితురాలు పడీ పడీ నవ్వింది.

చలికాలంలో యంత్రాన్ని ఓడ మీద తీసుకెళ్ళి తోట దగ్గర దింపారు. దాన్ని పైకి పిలిచే సంకేతాన్ని అక్కడి లోతును బట్టి మార్చాలి కాబట్టి లోతు రాసిన కాగితం నాకు పంపింది, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు కూడా అందులోనే ఉన్నాయి. కింద "చూసి తీసెయ్" అని రాసింది. చూశాను, పని చేశాను, తీసేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా కాలేజీకి ఒకాయన వచ్చాడు. సముద్ర గర్భంలో లోహాలు వెతికే ఏదో కంపెనీకి సలహాదారునని చెప్పుకున్నాడు. పిల్లలకు ఉద్యోగాల గురించి ఉపన్యాసమిచ్చి నా ల్యాబుకు వచ్చాడు. మనిషి చాలా మర్యాదస్తుడు. యంత్రం గురించి అన్నీ తెలిసినవాడిలా అడిగాడు. టీ తాగుతూ, వర్షం గురించి అడిగినంత మామూలుగా, దాన్ని ఎక్కడ దింపారని అడిగాడు. నాకు తెలియదన్నాను. నవ్వి, మీకు తెలియకుండా ఎలా ఉంటుందండీ అన్నాడు. పోయేముందు నా పక్కన నిలబడి ఫోటో దిగాడు. కాలేజీ వాళ్ళు ఆ ఫోటోను తమ పేజీలో పెట్టారు.

ఎండాకాలం ముదురుతుండగా నా స్నేహితురాలు రెండోసారి ఆ దీవికి వెళ్ళింది. యంత్రం క్షేమంగా తేలింది గానీ కెమెరా దింపి చూస్తే తోట సగం లేదు. పోర్ట్ బ్లెయిర్ చేరగానే ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"నేలంత గీకినట్టున్నదే. పైకెల్లి కిందికి పొడుగు గీతలు. గాడ ఇగ ఒక్కటి లేదు" అంది. వెంటనే, "నువ్వు ఎవరికన్న చెప్పినవా?" అంది.

లేదన్నాను.

"మరి ఆ లోహాల కంపెని సారు మీ కాలేజికి ఎందుకు వచ్చిండు? ఫోటో చూసిన."

వచ్చాడని, అడిగాడని, చెప్పలేదని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెబుతుంటేనే నా మాటలు నాకే అబద్ధంలా వినిపించాయి. ఆ చోటు తెలిసింది నాకు, నీకు, ఓడ నడిపేవాళ్ళకు అంటూ ఆమె వరస పెట్టింది. ఓడ వాళ్ళు ఆ సంగతి ఎవరితోనూ అనలేదట. సరే ఉంటానని పెట్టేసింది. తర్వాత నేను చేస్తే ఎత్తలేదు. ఏదో పడవ అడుగు వలతోనో యంత్రంతోనో వచ్చి నాశనం చేసిందని ఆమె పైవాళ్ళకు ఫిర్యాదు ఇచ్చిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

అప్పటి నుంచి నా తీరు మారిపోయింది. పాతదై పక్కన పెట్టిన ఫోన్ మీద కూడా నమ్మకం లేక దాన్ని బీరువాలో దాచాను. ల్యాబులో నాతో పనిచేసే అసిస్టెంటు ఒకరోజు నా కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటే ఏం చేస్తున్నావని గట్టిగా అడిగాను. అతను ప్రింటర్ బాగు చేస్తున్నాడు. ఎన్నేళ్ళుగానో కలిసి అన్నం తినే తోటి లెక్చరర్లు మాట్లాడుతూ నన్ను చూసి ఆపితే నా గురించేననుకున్నాను. బస్సులో పక్క సీటువాళ్ళు నా స్క్రీన్ చూస్తున్నారేమోనని ఫోన్ బోర్లించి పట్టుకునేదాన్ని. ఇంట్లో మా ఆయన, ఒకసారి ఆమె దగ్గరికి పోయి మాట్లాడిరా అన్నాడు. నువ్వెవరితోనైనా అన్నావా అని ఆయన్నీ అడిగాను. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నిజానికి ఆ అంకెలు ఆయనకు చెప్పనే లేదు నేను.

సరిగ్గా అప్పుడే ఆ సలహాదారు ఫోన్ చేశాడు. మీ యంత్రం పైకి వచ్చిందటగా, శుభాకాంక్షలు అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. ఇలాంటి సంగతులు దాగుతాయా మేడం అన్నాడు. అతనికెలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

యంత్రం విన్నదంతా ఒక మెమరీ కార్డులో ఉంది. దాన్ని తెరవడానికి నేను రాసిన ప్రోగ్రాం కావాలి. అంతవరకు ఆమెకు నాతో పని తప్పదు. తల్లికి కంటి ఆపరేషన్ చేయించడానికి సూర్యాపేట వచ్చినప్పుడు మెసేజ్ పెట్టింది. కార్డు పంపదట, నన్నే లాప్‌టాప్ తీసుకుని రమ్మంది. కోదాడలో పని ముగించుకుని హైవే బస్సెక్కి వెళ్ళాను. వాళ్ళమ్మ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, నా గొంతు విని "వచ్చినవా బిడ్డా" అన్నారు. నా స్నేహితురాలు పలకరించలేదు. ముందు ఇంటర్నెట్ బంద్ చెయ్యమంది. చేశాను. చేశానో లేదో వంగి చూసుకుంది. అప్పుడు పిడికిట్లోంచి కార్డు తీసి తనే లాప్‌టాప్‌లో పెట్టింది.

నెలల చప్పుడును ఒక్కసారిగా వినలేం. బొమ్మలా మారుస్తాం. చప్పుడు ఎక్కువైన చోట గీత చిక్కబడుతుంది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఆ బొమ్మను జరుపుతూ పోయాం. ఆమె వెతికేది ఇంజిను కోసం. నేను కూడా అదే వెతికాను, నా వల్ల వచ్చిన ఇంజిను కాకూడదని మొక్కుకుంటూ. కొండ గుడగుడలు, ఎప్పుడో ఒక తిమింగలం, చాలా దూరంలో దారిన పోయిన ఓడ ఒకటి. ఇక ఏమీ లేదు. తర్వాత ఒకచోట తెరంతా నల్లబడింది.

అక్కడ చప్పుడు పెట్టాను. మొదట పైగదిలో ఎవరో మడమలతో తన్నినట్టు దబదబమని కొన్ని దెబ్బలు. ఆగింది. తర్వాత కంకర టిప్పరు గుమ్మరించినట్టు మోత, గుమ్మరించి అయిపోక అలాగే సాగుతూ. అది తగ్గాక సన్నగా, రేకుల మీద వాన పడినట్టు, ఇసుక దిగుతున్న చప్పుడు. అది చాలాసేపు ఉంది. వాళ్ళమ్మ కూడా తల తిప్పి వింటున్నారు. ముందూ వెనకా మళ్ళీ మళ్ళీ చూశాం. ఎక్కడా ఇంజిను లేదు.

ఆమెకే ముందు అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలి, "కొండే జారింది" అంది.

భూమి కదిలింది. పైనున్న బూడిద, రాళ్ళు, పెళుసు లావా జారి తోట మీదుగా లోతుల్లోకి దిగిపోయాయి. అందుకే ఆ గీతలు పైనుంచి కిందికి ఉన్నాయి. వల ఈడ్చే పడవ వాలుకు అడ్డంగా ఈడుస్తుంది గానీ నిలువుగా ఎందుకు ఈడుస్తుంది? మొదటి రోజే ఆమె నోటితోనే చెప్పిన మాట అది. ఇద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు.

వాళ్ళమ్మ అడిగారు. "అంటే ఎవ్వలు చెయ్యలేదా?"

"ఎవ్వలు చెయ్యలేదమ్మా."

"మరి ఇన్ని నెలలు ఈ పిల్లతోని మాట్లాడకుంట ఎందుకున్నవ్?"

నా స్నేహితురాలు లాప్‌టాప్‌లోంచి కార్డు తీసుకుంది. నా వైపు చూడకుండా, నిన్ను అడగకుండా ఉండలేకపోయాను, ఇంకెవరికీ ఆ జాగ తెలియదు కదా అంది. ఫరవాలేదన్నాను. ఫరవాలేదు అనేది నిజం కాదు. గుండె మీంచి బండ దిగినట్టే ఉంది గానీ, దాని కింద కోపముంది. ఆ రోజు ఆ కార్డులో ఒక ఇంజిను చప్పుడు దొరికి ఉంటే? అప్పుడు కూడా నేను ఎవరికీ చెప్పనిదాన్నే. కానీ ఆమె దృష్టిలో చచ్చేదాకా చెప్పినదాన్నే అయ్యేదాన్ని. కొండ జారడం నా అదృష్టం. ఆమె తోట పోవడం నా అదృష్టమైంది. ఈ మాట బస్సులో వస్తూ అనుకున్నాను.

ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. దానికి పెద్ద మనసే కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆఫీసుల్లో ఒక మాట పడిపోయింది. కొండ తనంతట తనే నాశనం చేసుకునే చోటికి మనుషుల నుంచి రక్షణ ఎందుకని ఒక అధికారి అడిగాడట. కొండ జారితే సగం పోయింది, వల వస్తే మిగిలిన సగం పోతుంది, అందుకే ఇంకా ఎక్కువ కాపాడాలని ఆమె వాదిస్తూనే ఉంది. ప్రతిపాదన ఇంకా బల్లల మీదే తిరుగుతోంది.

ఇంకో యంత్రం చేసిపెట్టమని అడిగింది. చేస్తాను గానీ ఎక్కడ దింపుతారో నాకు చెప్పొద్దన్నాను. లోతు మాత్రం చెబితే చాలు, సంకేతం నేను సర్దుతాను. సరేనంది. నొచ్చుకుందో, నెమ్మది పడిందో ఫోన్‌లో తెలియలేదు. తోటలో మిగిలిన భాగం దగ్గర దాన్ని దింపారు.

ఈ మధ్యే ఆ రెండో యంత్రం విన్నది వచ్చింది. ఈసారి కార్డు చేతిలో పట్టుకుని రాలేదు. మొత్తం నాకే పంపేసి, నువ్వు ముందు చూసి చెప్పు అంది. మిర్యాలగూడలో మా ఇంట్లో ఆదివారం పొద్దున కూర్చుని చూశాను. మూడొంతులు ఖాళీ. తర్వాత ఒక సన్నని తిన్నని గీత, దాని పైన ఇంకోటి, ఇంకోటి. ఇంజిను. అది దారిన పోలేదు. దగ్గరికి వచ్చింది, వేగం తగ్గించింది, అక్కడక్కడే తిరిగింది, పోయింది. గీకిన చప్పుడు మాత్రం లేదు.

ఫోన్ చేసి వినిపించాను. ఆమె మళ్ళీ పెట్టమంది. చేపల కోసం వచ్చినవాళ్ళు కావచ్చు, గస్తీ పడవ కావచ్చు, దీవి చూడడానికి వచ్చినవాళ్ళు కూడా కావచ్చు. ఇవన్నీ నేనే చెప్పాను. నాకు మాత్రం ల్యాబులో టీ కప్పు పట్టుకుని నవ్విన మనిషే కనిపిస్తున్నాడు. ఆధారం వీసమెత్తు లేదు.

"ఎవలదై ఉంటదంటవే?" అని అడిగింది.

"తెల్వదే. రిపోర్టుల ఇంజిను అని మాత్రం రాయి" అన్నాను.

అంతే రాస్తానంది. ఆమె అలాగే రాసిందని తర్వాత తెలిసింది. ఆ చప్పుడు నేను మాత్రం ఇంకా అప్పుడప్పుడు పెట్టుకుని వింటుంటాను.