చేపల ముందు ఖాళీ పళ్లెం

మా ముత్తాత ఆళ్లగడ్డ దగ్గర మూడు ఊళ్లకు పెత్తందారు. ఆయన గుర్రం దిగితే తప్ప పంచాయితీ మొదలయ్యేది కాదు. మా తాత హయాంలో గుర్రం పోయింది, పెత్తనం మిగిలింది. అహోబిలం తిరునాళ్లకు నడిచిపోయేవాళ్లు మా వాకిట్లో విస్తరి ముందు కూర్చోకుండా ఊరు దాటేవారు కారు. ఆ అన్నం వండిన ఇత్తడి గుండిగలో మనిషి కూర్చుంటే తలపాగా ఒక్కటే కనిపించేదట. మా నాయన కాలానికి పెత్తనమూ పోయింది. నాకు మిగిలినవి నాలుగెకరాలు, ఆ గుండిగ, వంగని వెన్నెముక.

ఆ నాలుగెకరాల్లో రెండు చేపల గుంటలు తవ్వించాను. చేపల పరిశోధన చేసే అమ్మాయి ఒకామె నంద్యాల నుంచి వచ్చి, రెండింటిలోనూ సమానంగా బొచ్చె, శీలావతి పిల్లలు వదిలించింది. మొదటి గుంటకు మామూలుగా తవుడు, వేరుశనగ చెక్క. రెండో దానికి అందులో సగమే. మిగతా ఆకలికి నీళ్లలో పుట్టే సన్నటి పాచి చాలునని, మేత వృథా కాదని, నీళ్లూ చెడవని ఆమె నమ్మకం. అది నిజమో కాదో తేల్చాలి. నిజమైతే చుట్టుపక్కల రైతులందరినీ తెచ్చి మా గుంటే చూపిస్తానంది. అంటే మూడు ఊళ్లు మళ్లీ మా గట్టు మీదికి వస్తాయన్నమాట. వెంటనే ఒప్పుకున్నాను.

ఆమె వారానికొకసారి వచ్చి, తాడు కట్టిన నలుపు తెలుపు పళ్లెం ఒకటి నీళ్లలోకి దించేది. అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూసి, నీళ్ల చిక్కదనం రాసుకునేది. శాస్త్రం సంగతి సరే, మా ఇంటి జీవాల ముందుకు ఖాళీ పళ్లెం దించడం నాకు మింగుడుపడలేదు.

"సగం మేతంటే సగం విస్తరే కదమ్మా?" అన్నాను.

"అవి చుట్టాలు కాదు పెద్దాయనా, చేపలు."

"మా ఇంట్లో కొలిచి పెట్టే అలవాటు లేదు."

"అందుకే గదప్పా ఇల్లు ఇట్లయింది," అంది తవుడు తట్ట మోస్తున్న ముసలామె. మా నాయన కాలం నుంచి పనిచేస్తున్న మనిషి. ఆమె నోటికి మా వంశంలో ఎవరూ ఎదురు చెప్పలేదు.

ముసలామె మధ్యాహ్నం అన్నానికి పోగానే, పైపంచె కింద డబ్బా దాచుకొని రెండో గుంటకు పోయేవాణ్ణి. సగానికి తోడు మరో సగం, మర్యాదకు ఇంకొంత. పరీక్ష చెడగొట్టాలని కాదు. మా గుంట కడుపు మాడ్చుకొని గెలవడం గౌరవంగా తోచలేదు.

ఒకనాడు తెల్లవారి చూస్తే రెండో గుంటలో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నా కళ్లు చెమర్చాయి. ఇంత పెట్టినా ఆకలి తీరలేదు! తట్టెడు తవుడు కుమ్మరించాను. సరిగ్గా అప్పుడే అమ్మాయి వచ్చింది.

"ఏం చేస్తాండారు పెద్దాయనా?"

"అడుగుతాండాయి, పెడతాండా."

ఆమె పళ్లెం దించింది. జానెడు లోతుకే మాయమైంది.

"అవి మేత అడగడంల్యా. ఊపిరాడక నోళ్లు తెరుస్తాండాయి. తినగా మిగిలింది అడుగున కుళ్లి నీళ్లలో గాలి లేకుండా చేసింది. ఎవురేసినారు ఇంత?"

ముసలామె నా పైపంచె అంచున అంటుకున్న తవుడును చూసింది.

"యాడ దొరుకుతాడమ్మా ఇట్లాంటి పుణ్యాత్ముడు? చంపేదాకా పెడతాడు."

"నేనే," అన్నాను. మా వంశంలో తప్పు చేసినవాళ్లున్నారు గానీ, ఒప్పుకునేటప్పుడు తల వంచినవాళ్లు లేరు.

అమ్మాయి పుస్తకంలో రెండో గుంట పేజీకి అడ్డంగా గీత కొట్టింది. "ఈ పంటకు ఇంతే. చేపలు బతికితే వచ్చే పంటకు మళ్లా మొదలుపెడదాం. ముందు నీళ్లు చిలికే ఏరేటర్ తెప్పించండి. సాయంత్రం లోపల తిరగల్ల. లేకుంటే రేపటికి అన్నీ తేలతాయి."

"ఒక మాట రాసుకోమ్మా. ఈ గుంటలో ఆకలితో ఏదీ చావలేదు."

"రాస్తాండా పెద్దాయనా," అంది, నవ్వు ఆపుకుంటూ.

ముసలామె బోరు నీళ్లు వదిలింది. నేను ఆటో పిలిపించాను. పొద్దు వాలేలోగా ఏరేటర్ తిరిగింది, చాలా చేపలు బతికాయి. ఏరేటర్ డబ్బుకు గుండిగను నంద్యాలలో పాత ఇత్తడి అంగడికి తూకానికి అమ్మేశాను.