కింది రెప్పలోని ఎరుపు

మా ఇంటి దీపం మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన కాదు.

కుందుర్పి దగ్గర మాకొక మామ ఉండేవాడు. మేకలు కాసేవాడు. మనిషి ఎదురైతే పలకరించకముందే బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసేవాడు. మేకల దగ్గర అబ్బిన అలవాటది. రెప్ప లోపల ఎర్రగా ఉంటే రక్తం ఉన్నట్టు, పాలిపోతే లేనట్టు. బాగా ఎర్ర రెప్పలున్న మేకలు ఏ రేగుచెట్టు కాయలు తింటున్నాయో కనిపెట్టి, దాని కొమ్మ తెచ్చి తన పెరటి మొక్కకు అంటు కట్టేవాడు. ఏళ్ల తరబడి అలా ఏరి ఏరి, రక్తం పట్టించే రేగుపండును పుట్టించానన్నాడు. అందులో ఇనుము ఎంతంటే, పక్కన కొడవలి పెడితే పండు దొర్లుకుంటూ వచ్చి అతుక్కునేది.

ఆ చెట్టు కాపుకొచ్చిన ఏడు మామ కూతురు కాన్పుకొచ్చింది. ఆమె రెప్ప సున్నం కొట్టిన గోడలా ఉంది. మామ నెలరోజులు ఆ పండ్లే తినిపించాడు.

"కండ్లు తిరుగుతాండాయి నాయనా," అందొక పొద్దున. మామ భయపడి ఆసుపత్రికి ఆటో పిలిపించాడు. కూతుర్ని ఎక్కించబోతూ, పక్కనే ఉన్న నన్ను చూసి ఆగాడు.

"ఈ నడుమ నాకు చూపు ఆనడం ల్యాదు. నువ్వు చూసి చెప్పప్పా, ఎర్రగుండాదా?"

రెప్ప లాగాను. ఎర్రగా ఉంది. అదే చెప్పాను. మామ చేతులు చరిచి నవ్వి, "నా చెట్టు గెలిచిందప్పా!" అని ఆటోను వెనక్కి పంపేశాడు.

కొడవలి సంగతి కోతలని మీరెప్పుడో పసిగట్టి ఉంటారు. నేను కల్పించింది ఇంకొకటుంది. మామ ముఖంలోని ఆశ చూసి, ఆ ఎరుపును కల్పించాను. రెప్ప సున్నంలాగే ఉండింది.