ఉత్తుత్తి పాశానికి వచ్చిన వాన

మా ఇంట్లో వానంటే శత్రువే. మాది ధర్మవరంలో పట్టు నేసే కుటుంబం. గట్టిగా వాన పడితే మగ్గం గుంతలోకి నీళ్లూరేవి. పట్టు తడి పీల్చుకుని పోగుకు పోగు అంటుకునేది. నాయన అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఆకాశాన్ని తిట్టేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, వానను పిలిచే పాటల మీద పరిశోధనకు పోయాను. గందరగోళం అక్కడే మొదలై ఉంటుంది.

పరిశోధన నా ఒక్కదానిదే కాదు. ఎవరి సబ్జెక్టు వాళ్లు చదువుకుంటామంటే ఇప్పుడు ఒప్పుకోవడం లేదు, అన్నీ ఒకే కుండలో వేసి వండాలి. కరువు మీద పర్యావరణం, ఆరోగ్యం, సంస్కృతి, సాహిత్యం కలిపి ఒక్క వ్యాసం రాయమన్నారు. మేం ముగ్గురం. మబ్బులూ గాలులూ చదివిన సారు ఒకాయన, ఒక డాక్టరమ్మ, కాలేజీలో తెలుగు చెప్పుకునే నేను. సంస్కృతినీ సాహిత్యాన్నీ రెండింటినీ నా నెత్తినే పెట్టారు. అవి రెండూ ఒకటేనని వాళ్ల ఉద్దేశం కాబోలు. నాకు ఒళ్లు మండింది గానీ, అవి రెండూ వేరని గట్టిగా చెప్పే ధైర్యమూ నాకు లేకపోయింది.

పాటల కోసం మేం ఎంచుకున్నది, కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో లోపలికి పోతే వచ్చే ఒక పల్లె. పాటలు ఎవరికొచ్చు అని అడిగితే ఊరంతా ఒకావిడ ఇల్లు చూపించింది. మా అమ్మ కన్నా నాలుగైదేళ్లు చిన్నది. మొగుడు పోయినప్పటి నుంచీ సేద్యం ఆవిడదే. నేను అక్కా అన్నాను, ఆవిడ నన్ను మేడమ్మా అంది. డాక్టరమ్మ ముందుగా తన ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఈమధ్య మీకు నిరాశగా అనిపించిందా?"

అక్క, "యా పొద్దుది అడగతాండావమ్మా, పొద్దున్నదా, సాయంత్రందా?" అంది.

డాక్టరమ్మ ఏం రాసుకోవాలో తెలీక నా వైపు చూసింది.

ఆ ఊళ్లో వాన రాకపోతే వరద పాశం చేస్తారు, పాశమంటే పాయసమే. ఇంటింటా బియ్యమూ బెల్లమూ ఎత్తి, ఊరి బయట గుట్ట మీద పాయసం వండి, కడిగిన బండ మీద పోస్తారు. మగవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నోటితోనే దాన్ని తింటారు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి పాడతారు. మనుషులు పశువుల్లాగా బండను నాకుతుంటే పైనున్నవాడికి జాలి పుడుతుందని వాళ్ల లెక్క. నేను అడిగింది, అది ఎలా చేస్తారో చెప్పమని మాత్రమే.

"పాశం నోటితో చెప్పేది కాదు మేడమ్మా. ఇంత దూరం వచ్చినారు, ఉత్తచేతులతో పంపిస్తే మాకు మర్యాదా? చేసి చూపిస్తాం" అంది అక్క.

అప్పుడు దసరా దాటింది. చాలా ఏళ్ల తర్వాత చెనిక్కాయ, అదే వేరుశనగ, బాగా కాసిన ఏడు అది. చెట్లు పీకి, కాయలతోనే చేలల్లో ఆరబెట్టారు. ఏ చేను చూసినా ఎండుతున్న పంటే. అక్క చేను కూడా అంతే. వచ్చే ఏటికి విత్తనం ఈసారి కొనక్కర్లేదని, కాయను గుప్పిట్లో ఆడించి మాకు ఆ చప్పుడు వినిపించింది. ఈ సమయంలో వానను పిలవడమేంటక్కా అని నేనే అన్నాను. ఆవిడ నవ్వింది. "మొక్కుకోకుండా చేస్తే అది ఉత్తుత్తి పాశమే. దేవునికి తెలీదా ఏంది?" అంది. మిగిలినవాళ్లూ నవ్వారు. ఊరికి అదొక సరదా అయిపోయింది. మబ్బుల సారు ఫోన్లో చూసి, సముద్రంలో వాయుగుండం ఉంది గానీ అది తమిళనాడు వైపు పోతుందని ధీమాగా చెప్పాడు.

మర్నాడే గుట్ట మీద పొయ్యి పెట్టారు. బండను వాళ్లు కొబ్బరిపీచుతో తోమిందే తోమారు, అయినా డాక్టరమ్మ తన సీసాలోంచి ఏదో మందు తీసి మళ్లీ కడగబోతే అక్క చేయి పట్టుకుని ఆపింది. మగవాళ్లు వంగేటప్పుడు ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నారు. నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాను. అక్క మొదట నా కోసమే పాడింది. మధ్యలో ఆగి, "ఈ ముక్క వినిపించిందా?" అని కూడా అడిగింది. తర్వాత ఏమైందో నాకు అర్థం కాలేదు. ఆవిడ నా వైపు చూడడం మానేసింది. గొంతు మారింది, కొంగు పట్టుకుని రెండు చేతులూ పైకి చాచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వులు ఆపేసి గొంతు కలిపారు. పాట అయిపోయాక ఆవిడ కళ్లు తుడుచుకుని, "పొగ" అంది. పొయ్యి అప్పటికే ఆరిపోయి ఉంది.

మేం అనంతపురం చేరి బట్టలు ఉతుక్కోకముందే ఆకాశమంతా మోడం కమ్మింది. వాయుగుండం దారి మార్చుకుందట. ఒకరోజు కాదు, ఆగి ఆగి ముసురు పట్టింది. ధర్మవరం నుంచి నాయన ఫోన్ చేసి, "ఏమ్మా, నువ్వేందో పాటలు పాడించి వాన తెప్పించినావంట గదా, గుంత నిండిపోయింది, ఇంగ పోయేపాట పాడించు" అన్నాడు. నవ్వబోయాను, అక్క చేనులో ఆరబెట్టిన చెనిక్కాయ గుర్తొచ్చింది. మబ్బుల సారు ఫోన్లో బొమ్మలు చూపించి, దారి ఎందుకు మారిందో సముద్రపు వేడితో సహా వివరించాడు. ఆయన ముఖంలో సంబరం దాగలేదు. డాక్టరమ్మ ఇప్పుడు మళ్లీ పోయి నిరాశ గురించి అడిగితే బాగుంటుందంది. ఆ మాటకు ఆవిడ మీద అరిచాను. ఎందుకు అరిచానో చెప్పలేను, నేనూ వెళ్లాలనే అనుకుంటున్నాను కదా.

వెళ్లి ఏమనాలి? క్షమించమంటే, పాశంతో వాన వస్తుందని నేను ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్లు చదివి ఒప్పుకునే మాటా అది? ఏమీ అనకుండా కూర్చుంటే, వాళ్ల చేత వంట చేయించుకుని పంట ముంచి పోయినదాన్ని సిగ్గు లేకుండా మళ్లీ గడప తొక్కినట్టు. తప్పు ఉందో లేదో తేల్చుకోలేకుండానే బస్సెక్కాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. దారి పొడవునా చేలల్లో చెట్లు నల్లబడి ఉన్నాయి. ఆటోలో ఎవరో నన్ను గుర్తుపట్టి, "పాశం మేడమ్ గదా" అన్నారు. అందులో కోపం ఉందా లేదా అని ఊరు వచ్చేదాకా వెతుక్కున్నాను.

అక్క చేనులోనే ఉంది. తడిసిన చెట్లను ఒకటొకటిగా తిప్పేస్తోంది. కాయ ఒలిచి చూపించింది. లోపల గింజ తెల్లగా మొలకెత్తి ఉంది. విత్తనానికి పనికిరాదు. మేతకు వేసే కట్టె కూడా కుళ్లిపోయి, పశువులు ముట్టడం లేదంది.

"ఊరోళ్లు ఏమంటాండారక్కా?" అన్నాను.

"ఏమంటారు? ఉత్తుత్తిగా పాడమంటే నిజంగా పాడినావే అంటాండారు. నిజమే మేడమ్మా. కావాలని చేసింది కాదు. నోరు తెరిస్తే ఆ పాట అట్లే వస్తాది, ఉత్తుత్తిగా నాకు రాదు. నేను పిలిచినా. పైనున్న ఆయప్ప పలికినాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క మాటకు నా దగ్గర జవాబుంది. ఆవిడ పక్కన కూర్చుని, సముద్రంలో గాలి ఎలా తిరుగుతుందో, వాయుగుండం ఎలా దారి మార్చుకుంటుందో, మబ్బుల సారు చెప్పినదంతా అప్పజెప్పాను. మీరు పాడకపోయినా ఆ వాన వచ్చేది అన్నాను. మీ తప్పు ఏమీ లేదక్కా అన్నాను. ఆవిడ భుజం మీద చేయి కూడా వేశాను. నా చదువు ఇన్నాళ్లకు ఒక మనిషికి పనికొచ్చిందని లోపల చిన్న గర్వం కూడా కలిగింది.

అక్క శ్రద్ధగా విన్నది. ముఖం తేలిక పడుతుందని చూస్తూ ఉన్నాను. పడలేదు. ఇంకా ముడుచుకుంది.

"అంటే మేము పిలిచింది వినలేదా?"

"వినడానికి అక్కడ ఎవరూ ఉండరు కదక్కా. అది గాలి."

"ఇన్ని కరువుల్లో మా ఊరు బండ నాకింది కూడా ఎవురూ చూడలేదా?"

ఆవిడ చేతిలోని చెట్టును కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు. నన్ను బతిమాలుతున్నట్టు ఉంది, అది నాకు భరించడం కష్టమైంది.

"మేడమ్మా, మీ రాతలో గాలి అని రాయొద్దు. మేమే పిలిచినామని రాయి. తప్పు నా మీదే ఉండనీ. మా వల్ల వచ్చింటే, ఇంగోసారి పిలిస్తే వస్తాది. గాలికి వచ్చింటే, వచ్చే కరువుకు నేను ఎవుర్ని పిలవల్ల?"

మబ్బుల సారు తన భాగం రాసి పంపేశాడు. డాక్టరమ్మా పంపేసింది. నా భాగం ఏమైందని ఇద్దరూ అడుగుతున్నారు. గాలి అని రాస్తే నాకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఆవిడ పంట ఎలాగూ పోయింది, ఇప్పుడు పాట కూడా పోతుంది.